బారు తుపాకి మడమలో చేమంతి

లాంకస్టర్, పెన్సిల్వేనియా

బావగారికి, అక్కకు,

నేనిక్కడికి వచ్చి ఐదు వారాలైంది. రోజూ ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాం కదా, మళ్లీ ఉత్తరమెందుకని అక్క అంటుంది. ఫోనులో చెప్పుకునేవి ఆరోగ్యం, వాన, మనవడి అల్లరి. ఈ సంగతి అలా చెప్పేది కాదు, బల్ల ముందు కూర్చుని రాయాలి. పైగా ఇది తుపాకి కథ. ఫోనులో తుపాకి అన్న మాట వినగానే అక్క మిగతాది వినదు, వెంటనే విమానమెక్కి వచ్చెయ్యమంటుంది.

మీరు తెలుగు కూడబలుక్కుని చదువుతారని తెలుసు. మన కోయంబత్తూరు సింగానల్లూరులో ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. నాకీ అక్షరాలు అబ్బింది అవ్వ పుణ్యం. కష్టమనిపిస్తే చిత్తూరు నుంచి వచ్చిన కోడలుందిగా, చదివి పెడుతుంది.

ముందు ఊరి సంగతి. ఫిలడెల్ఫియా నుంచి పడమరగా కారులో గంటన్నర. మొక్కజొన్న చేలు, పశువుల కొట్టాలు, వాటి మధ్య రోడ్డు మీద కార్లతోపాటే నల్లని గుర్రబ్బండ్లు. ఆ బండ్లు నడిపేవాళ్లు ఆమిష్ వాళ్లు. ఇళ్లలో కరెంటు పెట్టుకోరు. అంతకంటే నన్ను నిలబెట్టేసింది వాళ్ల మాట. సంతలో ఒక ముసలాయన గుమ్మడికాయలు దించుతూ కూతుర్ని కేకేశాడు. ఇంగ్లీషు కాదు. అడిగితే మా అమ్మాయి చెప్పింది, అది జర్మను మాట అని. పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చినవాళ్లట. బడిలో ఇంగ్లీషు, వంటింట్లో ఇప్పటికీ తాతల నాటి మాటే. తమ భాషను వాళ్లు డాయిచ్ అంటే, పక్కవాళ్ల నోట్లో పడి అది డచ్ అయింది. హాలెండుకూ వాళ్లకూ ఏ సంబంధమూ లేదు. విజయనగరం, మదురై నాయకుల కాలాల్లో దక్షిణానికి దిగిన మనల్ని అక్కడివాళ్లు వడుగర్ అన్నట్టే అనుకోండి. వేల మైళ్లు వచ్చి మన వరస మనుషుల్ని చూసినట్టయింది నాకు.

తుపాకి కథంతా ఈ జర్మను జనానిదే.

అమ్మాయి ఇంటి పక్క ఇంకో ముసలాయన ఉన్నాడు. పాడి పశువులు పెట్టుకుని బతికినవాడు, ఇప్పుడు ఖాళీ. నేను కోయంబత్తూరులో ముప్పై ఎనిమిదేళ్లు టూల్‌రూములో చేశానని అల్లుడు చెప్పాడట. ఒక ఆదివారం దుప్పటిలో చుట్టి ఒకటి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. విప్పితే బారు తుపాకి. నిలబెడితే నా గడ్డం దాకా వచ్చింది. బరువు చూస్తే నాలుగు కిలోలుంటుందేమో. ఆరడుగుల మనిషికి తగ్గ పొడుగు, ఆడపిల్ల చెయ్యంత సన్నం. కొయ్య మీద పులిచారలు. అది వేసిన రంగు కాదు, మేపుల్ చెక్కలో పుట్టిన వంకరే. నత్రికామ్లంలో ఇనప రజను కరిగించి పూసి, సెగ చూపిస్తే ఆ చారలు నల్లగా పైకి తేలతాయట. మడమలో ఒక పక్క ఇత్తడి మూత ఉన్న చిన్న పెట్టె. మూత కొసన నాలుగు రేకుల పువ్వు. రెండో పక్క, దవడ ఆనించే చోట, వెండి నక్షత్రం, దాని వెనక తీగల చెక్కడం.

"ఇది చేసిందెవరో కనిపెట్టాలి. మా తాతకు వాళ్ల తాత ఇచ్చాడు. ఆ పైన ఎవరికీ తెలియదు" అన్నాడు ముసలాయన. ఈ తుపాకులు ఎరిగిన పెద్దమనిషి ఒకాయన పక్క ఊరి నుంచి వస్తున్నాడు, నువ్వూ ఉండు అన్నాడు. నేనెందుకు ఉండను.

ఈ తుపాకి పుట్టుక రెండు మాటల్లో చెప్తాను. జర్మనీ వేటగాళ్ల తుపాకి పొట్టిగా, లావుగా ఉండేది, గుండు పెద్దది. ఇక్కడి అడవుల్లో వారాల తరబడి తిరిగేవాడు అంత సీసం, మందు మోసుకుపోలేడు. అందుకని లాంకస్టర్ చుట్టుపక్కల కమ్మరులు గొట్టాన్ని మూడున్నర అడుగులు దాటేలా సాగదీసి, గుండును చిన్నది చేశారు. గొట్టం లోపల మరచుట్టుగా గాళ్లు ఉంటాయి, ఏడో ఎనిమిదో. గుండును కొవ్వు రాసిన గుడ్డముక్కలో చుట్టి గజం అనే కడ్డీతో దిగ్గొడితే, పేలినప్పుడు గాళ్ల వెంట గింగిరాలు తిరుగుతూ పోతుంది, దారి తప్పదు. మడమలో పెట్టె ఆ గుడ్డముక్కలకే. 1775 జూన్ 14న ఇక్కడి కాంగ్రెసు ఇంగ్లండు రాజుతో పోరుకు పది గురికాళ్ల దళాలు కావాలని తీర్మానిస్తే, వాటిలో ఆరు పెన్సిల్వేనియావే. తరవాత పాటల్లో దీనికి కెంటకీ తుపాకి అని పేరొచ్చింది. చేసింది ఒక చోట, పేరు ఇంకో చోటికి. తిరుప్పూరు బనియనుకు ఎవరి పేరో అతికించినట్టు.

అవ్వ చెప్పే పాళెగాళ్ల కథల్లో మాటలు గుర్తున్నాయా? గజం, రంజకం, గుర్రం. ఆ మాటలన్నీ ఇక్కడ బల్ల మీద కనబడ్డాయి. గుర్రం నోట్లో చెకుముకి రాయి, మీట నొక్కితే అది ఉక్కుకు కొట్టి నిప్పురవ్వలు రంజకపు గిన్నెలో పడతాయి. మన వైపు తుపాకులకు రాయి బదులు జామగి వత్తి, అంతే తేడా. ఒక్కటి తోచింది. మన ఊళ్లో ఇనుముకు కమ్మరి, కొయ్యకు వడ్రంగి, ఇత్తడికి కంచరి, వెండికి కంసాలి, చెక్కడానికి శిల్పి. పంచాణం. ఈ తుపాకిలో ఆ ఐదుగురూ ఒకే మనిషి. ఇనప పట్టీని కాల్చి కడ్డీ చుట్టూ చుట్టి అతికి గొట్టం చేసిందీ, బయట ఎనిమిది పలకలు ఆకురాయితో దిద్దిందీ, కొయ్య తొలిచిందీ, ఇత్తడి పోత పోసిందీ, వెండి పొదిగిందీ ఒక్క చెయ్యే. అంటే మొదట నేనలా అనుకున్నాను.

పెద్దమనిషి వచ్చాడు. ఎనభై దాటి ఉంటాయి. చేతిలో చిన్న సంచి, అందులో భూతద్దం, టార్చి, సుద్దపొడి. తుపాకిని ముట్టుకోలేదు. కుర్చీ వెనక్కి జరిపి, పొడుగునా ఒకసారి చూశాడు. మన ఫౌండ్రీలో పాత ప్యాటర్న్ మేస్త్రి అచ్చుపెట్టెను చూసేవాడు చూడండి, అలా.

ముసలాయనకు ఆగలేదు. రంజకపు గిన్నె ఉన్న ఇనప పలక మీద చిన్న అక్షరాలు చూపించాడు. కెట్లండ్ అని ఉంది. "చేసినవాడు ఇతనేనా?"

పెద్దమనిషి నవ్వాడు. కెట్లండ్ ఇంగ్లండులో బర్మింగ్‌హాము వాళ్లట. ఆ పలకల్ని పీపాల్లో పెట్టి ఓడల మీద ఇక్కడికి పంపేవారట. ఇక్కడి పనివాళ్లలో ఎక్కువమంది వాటిని కొనుక్కుని బిగించుకునేవాళ్లు. గొట్టాలు కూడా, వాగు నీళ్లతో నడిచే మిల్లుల నుంచి కొన్నవే చాలా ఉన్నాయట. నా పంచాణం లెక్క అక్కడే సగం కూలింది. కానీ సంగతి ఎంత తేటగా తెలిసిందో! బేరింగు మీద పేరు చూసి పంపు వాళ్లదే అనుకోవడం లాంటిది. మన షెడ్డుకు వచ్చే రైతులు ఎంతమంది అలా అనుకోలేదు?

తరవాత తుపాకి మణికట్టు దగ్గర వెండి బిళ్ల మీద రెండక్షరాలు. ఇవైనా? అవీ కావన్నాడు. కొన్నవాడివి. ఇది వినగానే నాకు మన అటక గుర్తొచ్చింది. పాత్రల మీద పేరు కొట్టిస్తాం కదా, ఫలానా వారి పెళ్లికి ఫలానా మేనమామ అని, తేదీతో సహా. కంచరి పేరు ఏ గుండిగ మీదైనా చూశామా?

చేసినవాడు పేరు రాస్తే గొట్టం పై పలక మీద రాస్తాడట, గొలుసుకట్టు రాతలో, సన్నని ఉలితో. అక్కడ తుప్పు తినేసింది. సుద్దపొడి రాసి, గది చీకటి చేసి, టార్చిని గొట్టానికి ఆనించినట్టు పక్కవాటుగా వేశాడు. ఊపిరి బిగబట్టి చూశాం. ఒక జె తేలింది. దాని పక్కన ఒక వంపు. ఆ వంపు డి కావొచ్చు, బి కావొచ్చు. ఆ తరవాత అంతా గుంటలే.

"డికర్ట్!" అన్నాడు ముసలాయన కుర్చీలోంచి లేచి.

యాకబ్ డికర్ట్ ఈ ఊరి పెద్ద పేరు. 1740లో జర్మనీలో మైంజ్‌లో పుట్టి, ఎనిమిదేళ్లకు ఓడెక్కి వచ్చి, 1822లో ఇక్కడే పోయాడు. అతని పేరు చెప్తే తుపాకి వెల మారిపోతుంది. ఆ పేరుకైనా ఒక రాత లేదు. ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి తోచినట్టు డెకర్డ్ అనీ డెచర్డ్ అనీ రాసి పారేశారు. మన నాయుడును నాయకర్ అనీ నాయక్కర్ అనీ రాసిన రిజిస్టర్లు నేనెరుగుదును, ఒక్క ఇంట్లో ముగ్గురన్నదమ్ములకు మూడు ఇంటిపేర్లు!

పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. జె.బి. అయితే? లెబనాన్ వైపు జె.పి. బెక్ అని చెక్కినవాడున్నాడు. ఆ మధ్య అక్షరం గుంటలో పోయి ఉండొచ్చుగా? ఇంకోటి, గొట్టాలు అరిగిపోతే వెనక కొస కోసి, లోపల గాళ్లు మళ్లీ తోడేవాళ్లు. పాత గొట్టాన్ని తీసి కొత్త కొయ్యలో పెట్టేవాళ్లు. అప్పుడు గొట్టం ఒకరిది, తుపాకి ఇంకొకరిది. చెకుముకి పోయి టోపీ మందు వచ్చిన రోజుల్లో పలకలే మార్చేశారు, ఆ తరవాత పాతవాటికి గిరాకీ పెరిగి మళ్లీ చెకుముకికి తిప్పారు. ఇక దొంగ పేర్లు చెక్కేవాళ్లకు కొదవ లేదు. దాన్ని పట్టే ఉపాయం చెప్పాడు, నాకు బాగా నచ్చింది: ఉలిగీత తుప్పు గుంట అంచుదాకా వచ్చి మాయమైతే పాతది. గుంట లోపలికి దిగి అవతలికి ఎక్కితే, తుప్పు పట్టాక చెక్కినది. మా జె అంచు దగ్గరే ఆగింది. అసలుదే, కానీ సగం.

అప్పుడు తీశాడు తుపాకిని చేతుల్లోకి. ఇక నుంచి అక్షరాల జోలికి పోలేదు. మడమ గీత చూడు అన్నాడు. లాంకస్టర్ వాళ్లకు తిన్నగా వస్తుంది, త్రిభుజంలాగా. బెత్లెహెం, ఆలెన్‌టౌన్ వైపు గద్ద ముక్కులా కిందికి వంగుతుంది. బెడ్‌ఫర్డ్ వాళ్లది సన్నం, పలక కూడా సన్నగా సాగి ఉంటుంది. ఇత్తడి మూత కొసన నాలుగు రేకుల పువ్వు లాంకస్టర్ వాళ్లు ఎక్కువగా పెట్టేది. దాన్ని ఇక్కడ డైసీ అంటారు. నాకు చేమంతి అనిపించింది. మన పక్క చీర అంచు చూసి ఇది ఫలానా ఊరి మగ్గం అనేస్తారు కదా, సరిగ్గా ఆ విద్య.

ఊరు తెలిసింది. మనిషి? దానికి తీగల చెక్కడం చూశాడు. ఉలి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, వంపు తిప్పేటప్పుడు చెయ్యి ఎత్తాడా, మూతను పట్టే మేకులెన్ని, గజం కొయ్యలోకి దూరే చోట అంచు ఎలా తీర్చాడు. మనిషి పేరు మార్చుకోవచ్చు, ఉలి ఆపే తీరు మార్చుకోలేడు అన్నాడు. మీకు నవ్వొస్తుందేమో, నాకు మీ తమ్ముడు గుర్తొచ్చాడు. ఆయన గీకిన స్లైడును నేను కళ్లు మూసుకుని వేలితో తాకి చెప్పేవాణ్ణి.

ఇక నా వంతు. పెద్దమనిషి సంచిలో ఒక కాగితం ఉంది. పేరున్న ఒక డికర్ట్ తుపాకి మీట కింద ఇత్తడి కమ్మీని పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసిన గీత. దాని మీద మా కమ్మీ పెట్టి చూశాడు. రూపం అచ్చంగా అదే, కానీ చుట్టూ కాస్త కురచ. వేరే అచ్చు అన్నాడు. నేను ఆగమని అల్లుడి డబ్బాలోంచి కాలిపరు తెప్పించి కొలిచాను. తొమ్మిదిన్నర అంగుళాల పొడుగులో నూలు పైచిలుకు తక్కువ. వెడల్పులోనూ అదే పాళంలో తక్కువ. మీకు నేను చెప్పాలా? ఇత్తడి చల్లారితే అడుగుకు ఒకటిన్నర నూలు ముడుచుకుంటుంది. మన కోయంబత్తూరులో ఎవరైనా పక్క కంపెనీ పంపు బాడీనే అచ్చుగా మట్టిలో పెట్టి పోతపోస్తే, అది ఎప్పుడూ ఆ మేరకు చిన్నదే వస్తుంది కదా. దొంగను పట్టేది అక్కడే. అదే చెప్పాను. ఈ కమ్మీకి అచ్చు కొయ్యది కాదు, ఇంకో ఇత్తడి కమ్మీయే. డికర్ట్ కొట్టు నుంచి ఒక ముక్క తెచ్చుకుని మట్టిలో పెట్టిన మనిషెవరో చేశాడు ఇది.

పెద్దమనిషి కాలిపరు తీసుకుని తనూ మూడు చోట్ల కొలిచాడు. కమ్మీని కొట్టి వంచుతారు, ఆకురాయి పెడతారు, ఒక్క కొలతను నమ్మకూడదు అన్నాడు. నిజమే. కానీ మొహం వెలిగింది. శిష్యుడు, అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. అన్నం పెట్టిన కొలిమి నుంచి వెళ్తూ ఒక విరిగిన కమ్మీ అడిగి తెచ్చుకున్న కుర్రాడు.

గురుశిష్యుల సంగతి వచ్చింది గనక క్రిస్టియన్ ఓర్టర్ కథ చెప్పాలి. ఆండ్రియాస్ ఆల్బ్రెక్ట్ అనే గురువు 1750లో వచ్చి, క్రిస్టియన్స్ స్ప్రింగ్ అనే చోట మొరేవియన్ మతస్థుల తుపాకి కొట్టు నడిపాడు. ఆయన 1766లో అది వదిలి సత్రం నడపడానికి వెళ్తే (గొప్ప పనివాడు సత్రం నడపడమేమిటో, నాకిప్పటికీ మింగుడుపడదు) కొట్టు ఓర్టర్ చేతికొచ్చింది, అప్పటికతనికి పంతొమ్మిదేళ్లు. అతను పేరూ ఏడాదీ కూడా చెక్కే అలవాటున్నవాడు. ముప్పై ఏళ్లకే 1777లో పోయాడు. అతను 1775లో చేసిన ఒక తుపాకిని వాలీ ఫోర్జ్ మ్యూజియం నుంచి 1971లో ఎవరో ఎత్తుకుపోయారు. నలభై ఏడేళ్లు జాడ లేదు. 2018లో పాత సామాన్ల వ్యాపారి ఒకడి చేతిలో పడింది. మొదట నకలేమో అనుకున్నాడట. గొట్టం మీద పేరు, కొయ్య మీద చెక్కడం కలిసేసరికి పోయిన తుపాకి ఇదేనని తేలింది. 2019 నుంచి ఫిలడెల్ఫియాలో జనానికి చూపించారు.

దీనికి తిరగేసిన కథ రెడింగ్ ఊరిది, ఇక్కణ్ణుంచి ముప్పై మైళ్లు. వోల్ఫ్‌గాంగ్ హాగా అని ఒక తుపాకి కమ్మరి పేరు ఆ ఊరి పన్నుల చిట్టాల్లో ఉంది. పేరు చెక్కిన తుపాకి ఒక్కటీ దొరకలేదు. మరో పక్క ఒకే చేతి పని అనిపించే, పేరులేని తుపాకులు కొన్ని. జో కిండిగ్ అనే ఆయన 1960లో అచ్చేసిన పుస్తకంలో ఆ రెంటినీ జత చేశాడు. అంటే మనువు కుదిర్చాడు. సంబంధం నిజమో కాదో పెళ్లికొడుకును అడగలేం. పెద్దమనిషి మాత్రం హాగా అంటున్నప్పుడల్లా "అనుకుంటున్న" అన్న మాట ముందు పెట్టి గాని అనలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

మన వైపు సంగతి ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. 1799 దాకా కోయంబత్తూరు టిప్పు చేతిలో ఉండేది. శ్రీరంగపట్నం కార్ఖానాల తుపాకులు కొన్నిటి మీద పనివాడి పేరు, ఊరు, ఏడాది ఉంటాయి. మరి మన తెలుగు పాళెగాళ్ల జామగి తుపాకులు? 1801లో దక్షిణపు జిల్లాల్లో కుంపిణీ ఆయుధాలన్నీ లాగేసుకుంది. మ్యూజియం గోడలకు తగిలించిన రెండు మూడు చూశాను, ఒక్కదాని మీదా పేరు లేదు. ఇంకా వెనక్కి పోతే, మన చెరువు నింపే నొయ్యల్ ఒడ్డునే, దిగువన కొడుమణల్. రెండు వేల ఏళ్ల నాటి ఉక్కు కొలుములు తవ్వి తీశారు. అక్కడ కుండ పెంకుల మీద మనుషుల పేర్లు బోలెడు గీసి ఉన్నాయి. అందులో ఉక్కు కరిగించినవాడెవరో, గంజి తాగినవాడెవరో!

చివరికి పెద్దమనిషి ఒక అట్టముక్క మీద రాసి ఇచ్చాడు: లాంకస్టర్, 1790 ప్రాంతం, డికర్ట్ కొట్టులో పని నేర్చిన చెయ్యి కావొచ్చు, పేరు లేదు. ముసలాయన దాన్ని రెండుసార్లు చదివి, కొంచెంసేపు ఏమీ అనలేదు. డికర్ట్ అని రాయించుకోవాలని మనసులో ఉండింది పాపం. తరవాత మడమలో పెట్టె మూత తీసి, ఆ అట్టముక్కను నాలుగు మడతలు పెట్టి లోపల దాచాడు. నన్ను చూసి "ఆ కురచ సంగతి కూడా రాయించాల్సింది" అన్నాడు. సరేనని అట్టముక్కను మళ్లీ బయటికి తీసి, నేనే వెనక వైపు కొలతలు వేశాను. కింద సంతకం పెట్టమన్నాడు. తెలుగులో పెట్టాను.

బావా, ఒక్క పని. అటక మీద అవ్వ పెద్ద గుండిగ ఉంది కదా, ఇడ్లీ పిండికి వాడినది. దాని మెడ మీద అవ్వ పుట్టింటివారి పేరు, పెళ్లి ఏడాది ఉంటాయి. అవి నాకు తెలుసు. కుర్రాళ్ల చేత దించి, బోర్లించి, చింతపండుతో తోమించి, అడుగున టార్చి పక్కవాటుగా వేయించండి. చుక్కలు గానీ, సుత్తి దెబ్బల వరస గానీ కనబడితే ఫోటో తీసి పంపండి. పాత ఇత్తడి కొనేవాడు వీధిలోకి వచ్చాడని మొన్న అక్క అంది. నేనొచ్చేదాకా ఇవ్వకండి.

మీ బావమరిది